పొల్లు పోయిన రాక్ బ్యాండు

సోమవారం వచ్చిందంటే మా ఆఫీసులో కుర్రవాళ్ల ముంజేతుల మీద రంగు కాగితపు పట్టీలు కనిపిస్తాయి. శనివారం బెంగళూరులోనో చెన్నైలోనో ఏదో స్టేడియంలో పెద్ద రాక్ బ్యాండు వాయించిందనీ, వీళ్లు పోయి చూసి వచ్చారనీ దాని అర్థం. ఆ పట్టీని బుధవారం దాకా స్నానంలో కూడా తడవనివ్వరు. "స్టేడియం స్టేడియమంతా ఒకే గొంతుతో పాడిందన్నా, నువ్వు చూసుండాల్సింది" అని నా మీద జాలిపడతారు. ఆ జాలి భరించలేక ఒకరోజు క్యారియరు మూత తీస్తూ, "నేనూ స్టేడియంలో వాయించినానబ్బా. నిండిన స్టేడియంలో" అన్నాను. భోజనాల బల్ల దగ్గర చెంచాలు ఆగిపోయాయి. ఏ బ్యాండని అడిగితే 'ఎనిమిదో కొండ' అని చెప్పాను. ఆ పేరు ఎవరూ వినలేదు. వినకపోయినా అది అబద్ధం కాదు, అక్షరం పొల్లుపోని నిజం. (నిజానికి ఒక పొల్లు పోయింది. కథంతా ఆ పొల్లుదే.)

మేము కాలేజీలో ఉన్నప్పుడు తిరుపతిలో బ్యాండు అంటే ఎవరికైనా ఒకటే తోచేది. ఎర్రకోటు, భుజాన బంగారు రంగు జాలరు, బాకాలు, పెండ్లికొడుకు కారు ముందు అంగుళం అంగుళంగా నడక. మాది అది కాదు, రాక్ బ్యాండు అని చెప్తే, "రాక్ అంటే రాయి గదా, రాళ్లు వాయిస్తారా?" అని అడిగినవాళ్లున్నారు. (మేము వాయించేది విన్నాక అదే అనుమానం ఇంకో రకంగా వచ్చినవాళ్లూ ఉన్నారు.) మేము నలుగురం. పాడేవాడు మైకాసురుడు. చేతికి మైకు దొరికితే తిరిగి ఇవ్వడం వాడి జాతకంలో లేదు. బేసు గిటారు మౌని. వాడు మాట్లాడగా నేను విన్నది బహుశా మూడు సందర్భాల్లో, అందులో ఒకటి ఈ కథలో వస్తుంది. డ్రమ్ములు బుల్లెట్టు. ముఖ్యమైన గిటారు, పాటలు రాయడం, పేరు పెట్టడం, ప్రూఫులు దిద్దడం నేను. 'ఎనిమిదో కొండ' అనే పేరు ఇంట్లో చెప్పగానే నాయన పేపరు కిందికి దించి, "ఉండే ఏడు కొండలు ఎక్కేదానికే జనం మోకాళ్లు పట్టుకుంటా ఉండారు. ఎనిమిదోది ఎందుకప్పా మళ్లా?" అన్నాడు.

నాయన హైస్కూల్లో తెలుగు పండితుడు. జేబులో ఎర్ర కలం లేకుండా నేను ఆయన్ను చూడలేదు. పెండ్లిపత్రిక వస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులు చూసేవాడు, చూసి దిద్దేవాడు, కొన్నిసార్లు దిద్దిన పత్రికను పెండ్లివారికే తిరిగి ఇచ్చి వచ్చేవాడు. ఆయన మామూలుగా మాట్లాడినంతసేపు మాకు భయం లేదు. "యాడికి పోతా ఉండావురా?" అంటే కులాసాగా ఉన్నట్టు. "ఎచ్చటికి పోవుచున్నావు?" అన్నాడంటే ఆ రోజు అన్నం గొంతు దిగదు. కోపం పెరిగేకొద్దీ ఆయన తెలుగు వెనక్కి, పాతకాలానికి పోయేది. మా బ్యాండు పెట్టిన మొదటి ఏడాది మా ఇంట్లో దాదాపు గ్రంథాల భాషే నడిచింది.

మేము అభ్యాసం చేసేది బుల్లెట్టు మేనమామ షెడ్డులో. వాళ్ల మామూది ఊళ్లో పేరున్న బ్యాండ్‌సెట్. ఆ షెడ్డులో బాకాలు, పెద్ద డోళ్లు, గోడకు వరసగా తగిలించిన ఎర్రకోట్లు, ఊరేగింపులో లైట్లకు కరెంటిచ్చే జనరేటరు బండి ఉండేవి. వాటి మధ్య మా ప్లగ్గులు పెట్టుకోవడానికి మామూ ఒక మూల ఇచ్చాడు, మా మీద గౌరవం మాత్రం ఇవ్వలేదు. "బ్యాండంటే నడవాల బేటా. నడస్తా వాయించాల. మీరు యాడన్నా పోవాలంటే ముందు గోడలో రంధ్రం ఉండాదా అని సూసుకోవాల. వైరు ఉండేది బ్యాండు ఎట్లయితాది, ఇస్త్రీపెట్టె అయితాది" అనేవాడు. ఆయన మనుషులు బీడీ తాగుతూ, బాకాలు తుడుచుకుంటూ, మా నాలుగు పాటలూ (మొత్తం ఉన్నవే నాలుగు) ఏడాదిపాటు తప్పించుకోలేక విన్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మాకు మాత్రం కళ్లు ఎక్కడో ఉండేవి. ఫోన్లలో విదేశీ బ్యాండ్ల వీడియోలు చూసేవాళ్లం. పెద్ద పెద్ద స్టేడియాలు, కంటికి ఆనని జనం, గిటారు పట్టినవాడు ఒక్క తీగ మీటితే అంతమంది ఒక్కసారి ఎగరడం. ఎన్ని పాటలు చేశారన్నది లెక్క కాదు, స్టేడియంలో వాయించారా లేదా అన్నదే లెక్క అని మాలో మేము తీర్మానించుకున్నాం. ఆ తీర్మానాన్ని నేను పొరపాటున నాయన ముందు చెప్పాను. ఆయన ఎర్ర కలానికి మూత పెట్టి, "సరే. ఉగాది లోపల స్టేడియంలో వాయించు. నేనొచ్చి ముందు వరసలో కూసుంటా. ఆ దినం నుంచి నీ గిటారు జోలికి రాను. వాయించలేకపోతే గిటారు అటకెక్కతాది, నువ్వు బ్యాంకు పరీక్షల పుస్తకాలు దించుకుంటావు" అన్నాడు. మామూలు భాషలోనే అన్నాడు కాబట్టి కోపంతో కాదు, నిజంగానే అన్నాడని అర్థమైంది. అప్పటికి ఉగాదికి నాలుగు నెలలుంది. మేము అంతవరకు వాయించిన పెద్ద వేదిక మా కాలేజీ క్యాంటీను వెనకాల జాగా.

అందుకే వాల్‌పోస్టర్లు వేయించాం. పెద్ద అక్షరాలతో 'ఎనిమిదో కొండ', కింద 'రాక్ బ్యాండ్', ఆ కింద బుల్లెట్టు ఫోన్ నెంబరు. ప్రెస్సు వాళ్లు ప్రూఫు చేతికిచ్చి చూడమన్నారు. తెలుగు పండితుడి కొడుకును, నాకేం తక్కువ. నిలబడే ఒక చూపు చూసి, నాయన ధోరణిలో ఆ కాగితం అడుగున, "అక్షరం పొల్లుపోలేదు. అచ్చు వేయవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. సంతకం కింద రెండు గీతలు కూడా గీశాను. మర్నాటికి తిరుపతి బస్టాండు నుంచి చిత్తూరు బస్టాండు దాకా మా పోస్టర్లు గోడలెక్కాయి.

పది రోజుల తర్వాత చిత్తూరు నుంచి బుల్లెట్టుకు ఫోనొచ్చింది. వాడు కంగారుపడి నా చేతికిచ్చాడు. జిల్లా స్థాయి బడిపిల్లల ఆటలపోటీలు జరిపే సంఘానికి సెక్రెటరీనని చెప్పుకున్నాడాయన. "మీది రాక బ్యాండే గదప్పా?" అన్నాడు. మా వైపు మాటల్లో రాక్ అయినా రాక అయినా ఒకటిగానే పలుకుతుంది కాబట్టి, "అవును సార్, రాక్ బ్యాండే" అన్నాను. "స్టేడియంలో ప్రారంభోత్సవం ఉండాది. మీరే రావాల" అన్నాడు. నా కాళ్ల కింద షెడ్డు తిరిగింది. రెండు గంటలు వాయిస్తాం సార్ అంటే, "అంతెందుకప్పా, గేటు కాడ్నించి స్టేజీ దాకా సాలు" అన్నాడు. పెద్ద బ్యాండ్లన్నీ గేటు నుంచి జనం మధ్యగా నడిచే కదా స్టేజీ ఎక్కేది, ఈయన చాలా తెలిసినవాడు అనుకున్నాను. యూనిఫారం ఉందా అని కూడా అడిగాడు. నల్లచొక్కాలు అని చెప్పాను. (నగరిలో మగ్గాలున్న మైకాసురుడి చిన్నాయన పంపిన గుడ్డతో కుట్టించుకున్నవి.) "నలుపా... శుభమా అని పెద్దలొచ్చే తావున. తలకు ఎర్రటోపీలన్నా పెట్టుకోండప్పా" అన్నాడు. అదీ ఏదో కొత్త పోకడ అయ్యుంటుందని ఒప్పేసుకున్నాను. ఆరోజు ఇంటికి వెళ్లి నాయనతో తేదీ చెప్పినప్పుడు నా గొంతులో ఉన్న గర్వం ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి. ఆయన పంచాంగం తీసి, "తిథి మంచిదే" అన్నాడు.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రం మామూ బ్యాండ్‌సెట్‌కు చిత్తూరులోనే పెండ్లి ఊరేగింపు ఉంది. అందుకని మమ్మల్ని కూడా వాళ్ల వ్యానులోనే ఎక్కించుకున్నారు. డోలుకూ బాకాలకూ మధ్య మేమూ మా గిటార్లూ స్పీకరు పెట్టెలూ ఇరుక్కున్నాం, వ్యాను వెనక జనరేటరు బండి గడగడలాడుతూ వచ్చింది. స్టేడియంలోకి అడుగుపెట్టాం. అది నిజంగా నిండి ఉంది. జిల్లాలోని బళ్ల పిల్లలంతా రంగురంగుల యూనిఫారాల్లో, వాళ్ల వెనక అమ్మానాయనలు, అయ్యవార్లు. ముందు వరసలో మా నాయన. ఇస్త్రీ పంచె, చేతిలో మడిచిన గొడుగు, పక్కన తోటి అయ్యవార్లు ఇద్దరు. "మా వాడే" అని వాళ్లకు ఆయన చెప్తున్నట్టు దూరం నుంచే తెలిసింది. నా జీవితంలో ఆయన నన్ను ఇతరులకు అట్లా చూపించడం అదే మొదలు.

సెక్రెటరీ సారు మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత మా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"బాకాలు యాడప్పా? డోళ్లు యాడ?"

"మాది రాక్ బ్యాండు సార్. గిటార్లే ఉంటాయి."

ఆయన కార్యక్రమాల కాగితం నా చేతిలో పెట్టాడు. అందులో మొట్టమొదటి వరస 'ముఖ్య అతిథి రాక: బ్యాండు' అని ఉంది. "పెండ్లికొక బ్యాండు ఉన్నట్టే, పెద్దోళ్ల రాకకని సదువుకున్న పిలకాయలు ప్రత్యేకంగా పెట్టినారేమో అనుకుంటిని. మీరే గదా రాసుకున్నారు" అని గేటు పక్క గోడ చూపించాడు. అక్కడ మా పోస్టరు ఉంది. 'ఎనిమిదో కొండ. రాక బ్యాండ్.' క మీద ఉండాల్సిన పొల్లు లేదు. ఊరంతా, జిల్లా అంతా లేదు. ఇన్ని రోజులుగా ఆ గోడల ముందు నుంచే తిరుగుతున్నాను, నా కళ్లు లేని పొల్లును పెట్టుకొని చదివేసుకున్నాయి.

ఆయనకు కావలసింది గేటు దగ్గర కారు దిగే పెద్దాయనను వాయిస్తూ స్టేజీ దాకా తీసుకుపోయే మేళం. మాకున్న ప్లగ్గు స్టేజీ మీద ఒక్కటే. గేటుకూ దానికీ మధ్య స్టేడియం మొత్తం ఉంది. వైరు తగిలించకపోతే నా గిటారు శబ్దం నాకే వినపడదు. పెద్దాయన అరగంటలో వస్తారు. "ఇంగ మీరు పక్కకు నిలబడండప్పా, వేరే ఎవరినన్నా సూసుకుంటా" అని సెక్రెటరీ సారు ఫోను తీశాడు. ఆయనను కూడా తప్పు పట్టలేను, ముఖం చూస్తే పాపం ఏడుపొక్కటే తక్కువ. నాకు మాత్రం అటక కనిపిస్తోంది. ఆ అటక మీద మా అమ్మ పెట్టిన ఊరగాయ జాడీల పక్కన నా గిటారు కనిపిస్తోంది. ఇంతలో భుజం మీద గొడుగు కొన తగిలింది. నాయన. ఆయన కళ్లు పోస్టరు మీద ఉన్నాయి.

"ఈ ప్రతిని దిద్దినవారెవరు?" అన్నాడు.

ఆ భాష వినగానే ఇన్నాళ్ల గర్వమూ దిగిపోయింది. "నేనే నాయనా" అన్నాను.  ఆయన తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు, తోటి అయ్యవార్ల వైపు చూడకుండా. తిట్టి ఉంటే బాగుండేది. నావల్ల ఆయన నలుగురిలో తల దించుకున్నాడన్నది నన్ను గిటారు కంటే ఎక్కువ బాధ పెట్టింది.

అప్పుడు మౌని మాట్లాడాడు. "జనరేటరు" అన్నాడు. అంతే. మేమందరం ఒకేసారి వ్యాను వెనక్కి చూశాం. మామూ మా అవస్థంతా వ్యాను మెట్టు మీద కూర్చొని చూస్తూనే ఉన్నాడు. బుల్లెట్టు నోరు తెరవకముందే ఆయన లేచి, తన మనుషులతో, "కోట్లు తొడగండిరా" అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "పిలిచింది మిమ్మల్ని. మీరు ముందర నడవండి, మేము ఎనకాల వస్తాం. ఇస్త్రీపెట్టెను నేను తోలుకొస్తా" అని నవ్వాడు. జనరేటరు బండి మీదే మా స్పీకరు పెట్టెలు కట్టేశాం. గిటారు వైరు ఒక కొస నాకు, ఒక కొస బండికి, మామూ వెనకనుంచి తోస్తుంటే నేను ముందు. బుల్లెట్టు మెడలో డోలు. మైకాసురుడి చేతిలో మామూ ఊరేగింపు మైకు. (అది మళ్లీ సాయంత్రం పెండ్లి మొదలయ్యేదాకా మామూ చేతికి రాలేదు.)

ఏ పాట వాయించాలి అన్నది ఇంకో చిక్కు. వాళ్లకు తెలిసిన పెండ్లి పాటలు మాకు రావు, మా పాటలు వాళ్లకు రావనుకున్నాం. ముసలి బాకా ఆయన బీడీ ఆర్పి, ఏమీ అడక్కుండా మా మొదటి పాట ఎత్తుకున్నాడు. ఏడాదిపాటు తప్పించుకోలేక విన్న పాట. నేను ఎప్పుడూ తడబడే చోట కూడా ఆయన తడబడలేదు. ఎనిమిది బాకాలు నేను కట్టిన వరసను అట్లా ఎత్తుకొని పోతుంటే ఆ పాట నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. గేటు బయట కారు హారను వినపడితే పెద్దాయనే అనుకొని కదిలాం. గేటు దాటి మైదానంలో అడుగుపెట్టామో లేదో పిల్లలు బెంచీల మీద లేచి నిలబడ్డారు. పల్లవి రెండుసార్లు విన్నాక, మైకాసురుడు "ఎనిమిదో కొండ" అంటే స్టేడియమంతా "ఎక్కుదాం రండి" అంది. నల్లచొక్కాలు, ఎర్రటోపీలు, వెనక ఎర్రకోట్లు, ఆ వెనక పొగ కక్కే జనరేటరు. అట్లాంటి బ్యాండును ఏ విదేశీ స్టేడియమూ చూసి ఉండదని ఇప్పటికీ బల్ల గుద్ది చెప్తాను.

స్టేజీ దగ్గరికి చేరి వెనక్కి చూస్తే ముఖ్య అతిథి రాలేదు. సెక్రెటరీ సారు ఫోను చెవిన పెట్టుకొని చెమటలు కక్కుతూ పరుగున వచ్చాడు. "దోవలో ఆగిపోయినారంట. ఆయన వొచ్చేదాకా ఆపొద్దండప్పా. ఈ ఎండకి పిలకాయలు లేసి పోతే నా పని అయిపోతాది" అన్నాడు. ఇందాక మమ్మల్ని పక్కకు నిలబడమన్న మనిషే రెండు చేతులూ జోడించాడు. మేము ఆగలేదు. మైదానం చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు. నాలుగు పాటలూ అయిపోతే మళ్లీ మొదటికొచ్చాం. రెండోసారికి పిల్లలకు చరణాలు కూడా వచ్చేశాయి. మూడో చుట్టులో ముందు వరస దాటుతూ ఓరకంట చూశాను. నాయన నిటారుగా కూర్చొని ఉన్నాడు, నవ్వడం లేదు. కానీ ఆయన గొడుగు కొన నేల మీద తాళం వేస్తోంది, తోటి అయ్యవారి వైపు వంగి ఏదో చెప్తున్నాడు. ఆ మాట నాకు వినపడలేదు గానీ పెదవులు చదవగలిగాను. "పాట గూడా మావాడే రాసినాడు." నా కళ్లలో నీళ్లు తిరిగి ఒక చోట తప్పు తీగ మీటాను. ముసలి బాకా ఆయన దాన్ని కప్పేశాడు.

పెద్దాయన వచ్చేసరికి దాదాపు రెండు గంటలైంది. అందరూ మావైపు తిరిగి ఉండగా స్టేజీ వెనక గేటు నుంచి నడిచి వచ్చి, ఆయన కూడా అందరిలాగే చప్పట్లు కొడుతూ నిలబడిపోయాడు. ముఖ్య అతిథి రాక కోసం పిలిపించిన బ్యాండే ఆయన రాకను గమనించలేదు. మేము మా పాట ముగించాకే చూశాం.

అంతా అయ్యాక నాయన నేరుగా గేటు దగ్గరి గోడకు పోయాడు. పోస్టరును చిరగకుండా మెల్లగా ఊడదీసి గొడుగు మీద పరిచాడు. నేను తిట్లకు సిద్ధమై నిలబడ్డాను.

"రాక అంటే వచ్చుట. రాక అంటే రాకుండుట గూడా" అన్నాడు, క్లాసులో చెప్పినట్టే. "ఆయన రాక కోసం పిలిచినారు. ఆయన రాక, ఇంతసేపు వాయించినారు. అచ్చు తప్పినా అర్థం తప్పలేదు." జేబులోంచి ఎర్ర కలం తీసి క మీద ఒక పొల్లు పెట్టాడు. రాక కాస్తా రాక్ అయింది. పోస్టరు చుట్టి నా చేతికిచ్చి, రెండు అడుగులు వేసి ఆగాడు. "మూడో పాటలో రెండో చరణం ప్రాస కుదరలే. ఇంటికి పోయినాక సూద్దాం. గిటారు బద్రంగా పట్టుకో" అన్నాడు.

గిటారు అటకెక్కలేదు. బ్యాంకు పరీక్షల పుస్తకాలు నేనే దించుకున్నాను, అది వేరే సంగతి, బతకాలి కదా. ఎనిమిదో కొండ మళ్లీ ఏ స్టేడియంలోనూ వాయించలేదు. మైకాసురుడు టీచరయ్యాడు, అక్కడ మైకు అవసరం లేకుండానే పని జరుగుతోంది. మౌని ఎక్కడున్నాడో అప్పుడప్పుడు ఫోనులో ఒక బొమ్మ పంపి తెలియజేస్తాడు. మామూ బ్యాండ్‌సెట్ ఇప్పుడు బుల్లెట్టు నడుపుతున్నాడు. ముహూర్తాల రోజుల్లో ఆదివారం వస్తే నేను వెళ్లి ఎర్రకోటు తొడుక్కొని, జనరేటరు బండికి వైరు తగిలించుకొని, పెండ్లికొడుకు కారు ముందు నడుస్తాను. మామూ అరుగు మీద కూర్చొని, "ఇప్పుడు మీది బ్యాండు" అంటాడు.

ఆఫీసు కుర్రవాళ్లు సాక్ష్యం అడిగితే నా దగ్గర వీడియో లేదు, ముంజేతికి పట్టీ లేదు. ఇంట్లో గోడకు ఎర్ర పొల్లు పెట్టిన పోస్టరుంది. దాని కిందే ప్రెస్సువాళ్లు దాచిపెట్టి నవ్వుతూ ఇచ్చిన, పొల్లు లేని ప్రూఫు కాగితం కూడా అద్దం కట్టించి పెట్టాను. 'అక్షరం పొల్లుపోలేదు. అచ్చు వేయవచ్చు.' ఆ అక్షరాలూ, సంతకం కింద ఆ రెండు గీతలూ చూసినప్పుడల్లా ఆ ఇరవై ఏళ్లవాడి ధీమాకు నవ్వొస్తుంది. నాయన ఇంటికి వచ్చినప్పుడల్లా కళ్లజోడు సవరించుకొని రెండు కాగితాలూ చదువుతాడు. జేబులో ఎర్ర కలం ఇప్పటికీ ఉంటుంది. ప్రూఫును మాత్రం ఇంతవరకు దిద్దలేదు.